మావాడి కడుపు ఉబ్బరం: తమలపాకు తొడిమ నుంచి ఆపరేషన్ దాకా

మావాడికి దొడ్డికి కావడం లేదని మొదట పట్టుకున్నది మా అత్తమ్మే. డాక్టర్లు కాదు, నర్సులు కాదు, కన్న నేనూ కాదు.

2022 ఆగస్టులో మా దగ్గరి టౌన్లో ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లో నార్మల్ డెలివరీ అయింది. బాబు, 2.8 కిలోలు. పుట్టగానే ఏడ్చాడు, పాలు పట్టాడు, టీకాలు వేశారు, మూడో రోజు పొద్దున ఇంటికి పొమ్మన్నారు. డిశ్చార్జి కాగితంలో మూత్రం, మోషన్ అని ఉన్న రెండు గళ్లలోనూ టిక్కు కొట్టి ఉంది. ఆ రెండో టిక్కు ఎవరు కొట్టారో నాకిప్పటికీ తెలియదు. వాడు అప్పటికి ఒక్కసారి కూడా పోలేదు. నాకు ఆ సంగతి పట్టనే లేదు. మొదటి కాన్పు ఆడపిల్ల, పుట్టిన గంటలోనే తారులాగా నల్లగా పోయింది. వీడికీ నేను మగతగా ఉన్నప్పుడు ఎవరో బట్ట మార్చి ఉంటారనుకున్నాను.

ఇంటికొచ్చాక బట్టలు ఉతికేది అత్తమ్మ. సాయంత్రానికి అడిగింది. "ఏందే, అన్నీ ఉచ్చ బట్టలే ఉన్నయి. పిలగాడు నల్లది పోలేదా?" లేదన్నాను. ఆమె ఇంకేం మాట్లాడలేదు. గిన్నెలో ఆముదం గోరువెచ్చగా చేసింది, పూజకు తెచ్చిన తమలపాకుల్లోంచి ఒకటి తీసి తొడిమ తుంచింది, కొసను వేళ్ల మధ్య నలిపి మెత్తగా చేసి నూనెలో ముంచింది. పిల్లవాడిని కాళ్ల మీద బోర్లా వేసుకుని అర అంగుళం కూడా పెట్టిందో లేదో, బుస్సుమని గాలి, దాని వెనకే నల్లదీ పచ్చదీ కలిసి ఒక్క ఊపున ఆమె చీర నిండా. వాడి కడుపు చేతి కింద దిగిపోవడం నేను చూశాను. "చూసినవా" అంది అత్తమ్మ. ఇల్లంతా నవ్వులు.

అదే మమ్మల్ని మోసం చేసింది. ఆ తొడిమ మూడు వారాలు పనిచేసింది. రెండు రోజులు చూడ్డం, కడుపు గట్టిపడితే తొడిమ పెట్టడం. మధ్యలో ఊళ్లో ఆరెంపీ డాక్టర్‌కు చూపిస్తే గ్లిసరిన్ పుల్లలు ఇచ్చాడు. "తల్లిపాలు తాగే పిల్లలు వారం రోజులు పోకున్నా ఏం గాదమ్మా" అన్నాడు. ఆ మాట పూర్తిగా అబద్ధం కాదు, అందుకే నమ్మాం. నెల దాటిన పిల్లలకు, అదీ కడుపు మెత్తగా ఉండి, కక్కకుండా, బరువు పెరుగుతూ ఉన్నవాళ్లకు అది వర్తిస్తుంది. పుట్టిన రోజు నుంచే పోని పిల్లలకు కాదు. నిండు నెలలకు పుట్టిన పిల్లల్లో నూటికి తొంభై మందికి పైగా మొదటి 24 గంటల్లోనే నల్లది పోతారట. 48 గంటలు దాటినా పోలేదంటే కారణం వెతకాల్సిందేనట. ఇవన్నీ తర్వాత తెలిసిన సంగతులు.

ఇరవై ఒకటో రోజు తొట్టెల వేద్దామని చుట్టాలకు చెప్పుకున్నాం. ఆ రాత్రే వాడు కక్కాడు. పాలు కాదు, ఆకు పసరులాగా ముదురు పచ్చ. కడుపు డప్పులా ఉంది, పైన నరాలు నీలంగా తేలాయి, ఒళ్లు కాలుతోంది. తొడిమ పెడితే ఈసారి కంపు కొట్టే నీళ్లే వచ్చాయి. మా ఆయన 108కు ఫోన్ చేశాడు. పసిపిల్ల పచ్చగా కక్కిందంటే పేగుకు అడ్డం పడిందనే అనుకోవాలి, తెల్లారేదాకా ఆగొద్దు. ఆ అంబులెన్సులో ఉన్న అబ్బాయి ఈ మాట చెప్పి తిన్నగా వరంగల్‌కే తీసుకుపోయాడు. దారిలో ఇంకే ఆసుపత్రి దగ్గరా ఆపలేదు. అతని పేరు అడగడం మర్చిపోయాను.

వరంగల్‌లో పిల్లల సర్జన్ ఉన్న ఆసుపత్రికి చేరేసరికి రాత్రి రెండు దాటింది. ముక్కులో గొట్టం వేసి కడుపులోని పసరు లాగారు, చేతికి సూది దొరక్క తల మీద పెట్టారు, ఎక్స్‌రే తీశారు. డ్యూటీలో ఉన్న చిన్న డాక్టర్ ఆ ఫిల్మును ట్యూబ్‌లైటు ముందు పెట్టి, "పైనంతా గాలితో ఉబ్బిన పేగులు. కింద తుంటి దగ్గర చూడండి, గాలే లేదు" అన్నాడు. తర్వాత చిటికెన వేలికి జెల్లీ రాసి పరీక్ష చేశాడు. వేలు తీయగానే తొడిమకు వచ్చినట్టే వచ్చింది, ఆయన ఏప్రాన్ మీదికి. ఒంటి మీద అంత పడ్డా ఆయన మొహం వెలిగిపోయింది. ఇదేం మనిషిరా అనుకున్నాను.

పొద్దున పెద్ద డాక్టర్ వచ్చారు. జరిగిందంతా అడిగారు. అత్తమ్మ భయపడుతూనే తొడిమ సంగతి చెప్పింది. తిడతారనుకున్నాం. ఆయన తిట్టలేదు. "అమ్మా, వేలు పెడితే అట్లా ఒక్కసారే బుస్సున రావడమే ఈ జబ్బు గుర్తు. మీరు మూడు వారాలు పరీక్ష చేస్తనే ఉన్నరు, రిపోర్టు చదివెటోళ్లే లేకపాయె" అన్నారు. అత్తమ్మకు అది మెచ్చుకోలో ఎత్తిపొడుపో అర్థం కాలేదు. నాకూ కాలేదు.

జబ్బు పేరు హిర్ష్‌స్ప్రంగ్. నోరు తిరగడానికి నాకు రెండు రోజులు పట్టింది. నేను మిషన్ కుడతానని ఎవరో చెప్పినట్టున్నారు, డాక్టర్ కేసు షీటు వెనక బొమ్మ గీసి, "నీకు తొందరగా అర్థమైతది" అంటూ మొదలుపెట్టారు. పేగు గోడలో చిన్న నరాల కణాలుంటాయి. పేగు ఎక్కడ బిగియాలో ఎక్కడ వదులవ్వాలో చెప్పేది అవే. బిడ్డ గర్భంలో ఉన్నప్పుడు ఐదో వారం నుంచి పన్నెండో వారం లోపల అవి పై నుంచి కిందికి నడుచుకుంటూ వస్తాయి. కొందరిలో చివరిదాకా రాకుండా మధ్యలోనే ఆగిపోతాయి. అవి చేరని ముక్క ఎప్పుడూ బిగుసుకునే ఉంటుంది, వదులవ్వడం దానికి తెలియదు. నాకు లంగా నాడా గుర్తొచ్చింది. నాడా బిగించి ఉంది, విప్పే చెయ్యి లేదు. మలం పై నుంచి వచ్చి అక్కడ ఆగుతుంది, పైన పేగు ఉబ్బుతూ పోతుంది.

సుమారు 5,000 మంది పిల్లల్లో ఒకరికి వస్తుందట, ఆడపిల్లల కంటే మగపిల్లల్లో నాలుగింతలు ఎక్కువట. నేను గర్భంతో ఉన్నప్పుడు గ్రహణం చూశానా, పడని కూర తిన్నానా అని అడిగిన వాళ్లందరికీ ఈ ఐదో వారం కథే చెప్పేదాన్ని. ఐదో వారానికి చాలామంది ఆడవాళ్లకు నెల తప్పిన సంగతే సరిగ్గా తెలియదు.

ఇంకో సంగతి నాకు చాలా నచ్చింది. 1886లో హిర్ష్‌స్ప్రంగ్ అనే డెన్మార్క్ పిల్లల డాక్టర్ బెర్లిన్ సభలో ఇలాంటి పిల్లల గురించి మొదట వివరంగా చెప్పాడట. ఆయన కంటికి కనబడింది ఉబ్బిన పెద్ద పేగు, జబ్బు అందులోనే ఉందనుకున్నాడు. అసలు జబ్బు ఉబ్బిన చోట లేదు, దాని కింద మామూలుగా కనిపిస్తున్న సన్న ముక్కలో ఉంది. ఆ ముక్కను తీసేసి మంచి పేగును కిందికి లాగి కుట్టే ఆపరేషన్ 1948లో అమెరికాలో స్వెన్సన్ అనే సర్జన్ లోకానికి చెప్పాడు. అంటే అరవై ఏళ్లు చాలామంది తప్పు చోటే చూశారు. మేం మూడు వారాలే.

వెంటనే ఆపరేషన్ చేయలేదు. ముందు ఇన్ఫెక్షన్ తగ్గాలి, పేగు వాపు దిగాలి. దానికి రోజుకు మూడుసార్లు కడగడం. వార్డులో సిస్టర్ ఒకామె నాకది నేర్పింది. సెలైన్ సీసాను వేడినీళ్ల గిన్నెలో పెట్టి, మోచేతి మీద రెండు చుక్కలు వేసుకుని చూడాలి. మెత్తని గొట్టానికి జెల్లీ రాసి నెమ్మదిగా లోపలికి తోయాలి. సిరంజితో 20 మి.లీ. పోసి, కడుపును అరచేత్తో ఎడమవైపు కిందికి నిమిరితే గొట్టంలోంచి గాలీ మలం బయటికొస్తాయి. మళ్లీ 20. తెల్లగా వచ్చేదాకా. పోసిందెంత, వచ్చిందెంత అని కాగితం మీద రాయాలి, పోసింది లోపలే ఉండిపోతే చెప్పాలి. మామూలు నీళ్లు, సబ్బునీళ్లు చచ్చినా వాడొద్దంది. ఇలాంటి పేగు నీటిని పీల్చేసుకుంటుంది, ఒంట్లో ఉప్పు పలచబడి పిల్లకు ఫిట్స్ వస్తాయి. మా ఊళ్లో మలబద్ధకం అంటే సబ్బునీళ్ల ఎనిమానే మొదటి వైద్యం, అందుకే ఈ మాట ఇక్కడ ప్రత్యేకంగా రాస్తున్నాను.

జ్వరం తగ్గాక బేరియం పరీక్ష. కింది నుంచి తెల్లటి మందు ఎక్కించి ఎక్స్‌రే తీస్తారు. ఆ ఫిల్ము ఇప్పటికీ నా బీరువాలో ఉంది. కింద సన్నగా వేలంత, మీదికి పోతుంటే గరాటులా విచ్చుకుని పైన సంచి. మరునాడు ఇంకో ఎక్స్‌రే తీస్తే మందు ఇంకా లోపలే ఉంది. అయినా చివరి మాట చెప్పేది పేగు ముక్క తీసి చేసే బయాప్సీయేనన్నారు.

చుట్టాలందరూ హైదరాబాదులో పిల్లల ఆసుపత్రి నీలోఫర్‌కు తీసుకపోండ్రి అన్నారు. మా ఆయన జిన్నింగ్ మిల్లులో గుమాస్తా. హైదరాబాదులో నెలరోజులు ఉండడమంటే జీతం పోవడం, పెద్దదాన్ని ఎవరింట్లోనో వదలడం. డాక్టర్‌నే అడిగాం, ఇక్కడ అవుతుందా సార్ అని. "అయితది. అక్కడైనా చేసేది ఇదే. కానీ మీరు ఏడాది దాకా తిరగాలె. ఏ ఊరికి తిరగగలరో మీరే చూసుకోండ్రి" అన్నారు. ఆ మాటతో తేలిపోయింది. మా పరకాల వైపు నుంచి వరంగల్‌ను ఆనుకుని ఉన్న హనుమకొండకు బస్సు ఎప్పుడూ దొరుకుతుంది.

ఆరోగ్యశ్రీ కింద అయింది, కాబట్టి ఆపరేషన్లకు డబ్బు కట్టలేదు. రేషన్ కార్డులో బాబు పేరు ఇంకా ఎక్కలేదు. పుట్టిన సర్టిఫికెట్ కోసం మా ఆయన రెండు రోజులు మున్సిపాలిటీ చుట్టూ తిరిగాడు. పిల్లవాడికి ఇంకా పేరు పెట్టలేదు, కాగితంలో నా పేరుతో "ఫలానా ఆమె బాబు" అనే ఉంది. దానితోనే పని జరిగింది. ఆరోగ్యమిత్ర దగ్గర ఫొటో దిగేటప్పుడు వాడు ఏడుపు ఆపలేదు, మూడుసార్లు తీశారు.

రెండు దఫాలుగా చేస్తామన్నారు. వాపు లేని, బరువున్న పిల్లయితే ఒకేసారి అయిపోతుందట. 1998 నుంచి కడుపు కోయకుండా కింది దారి నుంచే చేసే పద్ధతీ ఉందట. మావాడికి ఆలస్యమైంది, పేగు బాగా ఉబ్బి ఉంది, ఒళ్లు లేదు. అందుకని ముందు మంచి పేగును కడుపు మీదికి తెచ్చి దారి పెడతారు, దాన్ని కొలాస్టమీ అంటారు. పెరిగాక అసలు ఆపరేషన్.

మొదటి ఆపరేషన్ నాటికి వాడికి ముప్ఫై ఒక్క రోజులు. తల్లిపాలు నాలుగు గంటల ముందు ఆపాలన్నారు. తెల్లవారుజామున నాలుగింటికి పట్టి ఆపాను. ఎనిమిదికన్నారు, ముందు కేసు ఆలస్యమై తొమ్మిదిన్నర అయింది. వాడు నా జాకెట్ వాసన పట్టి ఏడుస్తుంటే అత్తమ్మ ఎత్తుకుని వరండా చివరికి పోయింది. నాకు పాలు కారి కొంగు తడిసింది. తొమ్మిదిన్నరకు ఒక ఆయమ్మ వచ్చి దూది చుట్టలో వాడిని చుట్టింది, తల కూడా కప్పింది. లోపల ఏసీ ఆపేశారని చెప్పింది. నెల పిల్లల ఒంటి వేడి నిమిషాల్లో పోతుందట, వాళ్ల కోసం థియేటర్‌ను వెచ్చగా ఉంచి డాక్టర్లే చెమటలు కక్కుతారట.

బయటికి తెచ్చాక కడుపు ఎడమ పక్కన ఎర్రగా, తడిగా, రూపాయి బిళ్లంత కండ. మా ఆయన చూశాడు, నీళ్లు తెస్తానని చెప్పి రెండడుగులు వేసి గోడకు జారిపడ్డాడు. నాకు చిత్రంగా భయం వేయలేదు, వాడి కడుపు మెత్తగా ఉంది. సిస్టర్ నా చెయ్యి పట్టి దాన్ని తాకించింది. "నొప్పి తెలవదమ్మా దానికి. నీ పెదవి లోపలి రంగు ఎట్లుందో అట్లుండాలె. నల్లగైనా, నీలంగైనా, గుప్పెడంత బయటికి ఉరికొచ్చినా పరుగెత్తుకొని రా." అత్తమ్మ దానికి మొగ్గ అని పేరు పెట్టింది. తొమ్మిది నెలలు మా ఇంట్లో దాని పేరు అదే. మొగ్గ కడిగినవా, మొగ్గకు గాలి తగలనియ్యి.

పది రోజులకు బయాప్సీ కాగితం వచ్చింది. కింది ముక్కలో కణాలు లేవు, మొగ్గ పెట్టిన చోట ఉన్నాయి. డాక్టర్ కుట్టిన చోటు సరైనదేనని అర్థం.

ఆసుపత్రిలో అంటించే సంచులు ఇచ్చారు. వాటికి మొగ్గ కన్నా రెండు మూడు మిల్లీమీటర్లు ఎక్కువగా రంధ్రం కత్తిరించాలి, ఎక్కువైతే చర్మానికి మలం తగులుతుంది, తక్కువైతే మొగ్గ కోసుకుపోతుంది. కత్తెర పనే కాబట్టి నాకది కష్టమనిపించలేదు. కష్టం వేరే చోట ఉంది. బయట కొంటే ఒక్కోటి రెండు వందల దాకా. చిన్న కడుపు, అది ఏడ్చినప్పుడల్లా కదులుతుంది, చెమట పడితే జిగురు ఊడుతుంది. కొన్నిసార్లు పూటకొకటి పోయేది. రెండో వారానికి మొగ్గ చుట్టూ చర్మం లేచిపోయి నీరు కారింది.

అప్పుడు సంచులు పక్కన పెట్టేశాను. మా మామయ్యవి పాత లుంగీలు, ఉతికి ఉతికి వెన్నలా ఉన్నవి తీశాను. నాలుగు మడతలు వేసి అరచేయంత ముక్కలు, అంచులు కుట్టలేదు, కుడితే గీసుకుంటుంది. వాటిని పట్టి ఉంచడానికి నడుము చుట్టూ ఒక కట్టు కుట్టాను. వెడల్పు నాలుగు అంగుళాలు, ముందు భాగం రెండు పొరలు, మధ్యలో జేబులా తెరిచి ఉంటుంది. గుడ్డ ముక్క అందులో దూర్చేస్తే జారదు. ముడి పక్కన రావాలి, వెనక వస్తే పడుకున్నప్పుడు గుచ్చుతుంది. మొదట ఎలాస్టిక్ వేశాను. ఒక్క రోజులో ఎర్రటి గీత పడింది, తీసేసి నాడా పెట్టాను. చర్మానికి ముందు గోరువెచ్చని నీళ్లతో తుడిచి, ఆరనిచ్చి, జింక్ ఆక్సైడ్ పేస్టు గోడకు సున్నం వేసినట్టు మందంగా. రుద్ది తీయొద్దు, పైన మలం వరకు తుడిచి మళ్లీ పేస్టే వేయాలి. పన్నెండు రోజులకు చర్మం మూసుకుంది. తర్వాత చెకప్‌లో సిస్టర్ ఆ కట్టును తిప్పి తిప్పి చూసి, ఇంకో రెండు కుట్టుకొస్తవా అంది.

ఆ బతుకమ్మకు నేను ఆడలేదు. వాడిని ఎత్తుకుని గడపలో నిలబడ్డాను. పక్కింటి ఆమె ఎవరితోనో "పేగు బయటేసుకొని ఉన్నడట" అనడం వినిపించింది. అత్తమ్మ పువ్వులు పేర్చేది ఆపి, "ఔ, చూస్తవా?" అని కట్టు విప్పి చూపించింది. ఆమె బిత్తరపోయింది. నిజానికి చూసిన తర్వాతే ఆమె మా ఇంటికి మామూలుగా రావడం మొదలుపెట్టింది.

మిగిలిన నెలలన్నీ బరువు కోసమే. అంగన్‌వాడీ తక్కెడలో నెలనెలా తూచేదాన్ని. ఎండాకాలం వరంగల్ పక్క ఎండలు మీకు తెలుసు కదా, కట్టు కింద చెమట పేలి వాడు నిద్రపోయేవాడు కాదు. మధ్యాహ్నాలు కట్టు విప్పి గుడ్డ పరిచి వదిలేసేవాళ్లం. మొగ్గ పని మొగ్గ చేసుకునేది, వాడు దాని పక్కనే గిలక్కాయతో ఆడుకునేవాడు. ఈ మధ్యలోనే అత్తమ్మ సమ్మక్కకు మొక్కింది, పిలగాడు దారిన పడితే నిలువెత్తు బంగారం ఇస్తానని. ఇటువైపు వాళ్లకు చెప్పక్కర్లేదు, బంగారమంటే బెల్లం.

2023 జూన్‌లో, 7.6 కిలోలకు, రెండో ఆపరేషన్. మూడున్నర గంటలు. కణాలు లేని ముక్క మొత్తం తీసేసి, మొగ్గగా ఉన్న పేగునే కిందికి లాగి మలద్వారం పైన కుట్టారు. దీన్ని పుల్ త్రూ అంటారు. డాక్టర్ బయటికొచ్చి చొక్కా చెయ్యిలా లోపలి నుంచి లాగి అంచు కుట్టామని నాకు అర్థమయ్యే భాషలో చెప్పారు. నేను ఏ దారం వాడారని అడిగాను. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది, ఆ సమయంలో ఎవరైనా అడిగే ప్రశ్నేనా. ఆయన మాత్రం తాపీగా, కరిగిపోయే దారం, దూరం దూరంగా విడి కుట్లు, గొలుసు కుట్టు వేస్తే బిగుసుకుపోతుంది అని చెప్పారు. ఐదో రోజు రాత్రి మూడింటికి వాడు మొదటిసారి పోవాల్సిన చోటి నుంచే పోయాడు. మా ఆయన వార్డు బయట బెంచీ మీద పడుకున్న వాళ్లందరినీ లేపి చెప్పాడు.

అంతా అయిపోయిందనుకున్నాం. ఆ తర్వాత రెండు నెలలు నేను పడ్డ కష్టం మొగ్గ ఉన్నప్పుడు కూడా పడలేదు. రోజుకు పది, పన్నెండుసార్లు పోయేవాడు. తొమ్మిది నెలలు మలం తగలని చర్మం కదా, పచ్చి పుండైంది. మళ్లీ జింక్ పేస్టు, మళ్లీ లుంగీ ముక్కలు. డైపర్ వేయకుండా గాలికి వదిలేయడమే మందు.

రెండు వారాలకు చెకప్‌కు పోతే స్టీలు కడ్డీలు చూపించారు. డైలేటర్లు. కుట్టిన చోటు మానేటప్పుడు ముడుచుకుపోకుండా రోజూ ఒకసారి పెట్టి తీయాలి. నంబరే దాని మందం, 10 అంటే 10 మిల్లీమీటర్లు. పదితో మొదలుపెట్టి వారాలు గడిచేకొద్దీ 13 దాకా తీసుకుపోవాలి. నేను ఒకసారి ప్రయత్నించి వాడు అరిచిన అరుపుకు కింద పెట్టేశాను. మా ఆయన సంగతి చెప్పాను కదా. డాక్టర్ అత్తమ్మ వైపు తిరిగి, "ఈ పని మీ చేతికే అలవాటు" అన్నారు. ఆమె మూడు వారాలు ఆలస్యం తన వల్లే అయిందని లోలోపల ఏడాదిగా కుములుతోందని నాకు ఆ రోజు ఆమె మొహం చూస్తే తెలిసింది. మూడు నెలలు ఆమే చేసింది. స్నానం తర్వాత, కాళ్ల మీద అదే తీరున బోర్లా వేసుకుని, జెల్లీ రాసి, పాట పాడుకుంటూ. వాడు నెల తిరిగేసరికి ఏడుపు మానేశాడు.

ఒక్క గండం చెప్పాలి. అక్టోబరులో ఒకరోజు నీళ్ల విరేచనాలు పట్టుకున్నాయి. కుళ్లు వాసన, జ్వరం, కడుపు ఉబ్బింది, కళ్లు మూతలు పడుతున్నాయి. మామూలు పిల్లలకైతే ఓఆర్ఎస్ పట్టి చూసే జబ్బు. మా ఫైలు అట్ట మీద డాక్టర్ ఎర్ర పెన్నుతో రాసి పెట్టారు: కడుపు ఉబ్బు, కంపు విరేచనం, జ్వరం, ఈ మూడూ కలిస్తే ఆగొద్దు, విరేచనాలు కట్టే మందు వేయొద్దు. దాన్ని ఎంటెరోకొలైటిస్ అంటారట. ఆపరేషన్ ఎంత బాగా అయినా కొందరు పిల్లలకు తర్వాత వస్తుంది, ఆలస్యమైతే ప్రాణం మీదికి తెస్తుంది. అర్ధరాత్రి ఎమ్జీఎం కూడలి మీదుగా కారులో పోతుంటే ఒళ్లో వాడి కడుపు మీద చెయ్యి తీయలేదు. ఆసుపత్రిలో మళ్లీ సెలైన్‌తో కడగడం, యాంటీబయాటిక్స్. గొట్టం సిస్టర్ చేతిలోంచి నేనే తీసుకున్నాను. నాలుగో రోజుకు ఇంటికొచ్చాం.

2024 ఫిబ్రవరిలో మేడారం సమ్మక్క జాతర వచ్చింది. పోయే ముందు ఊళ్లోనే కిరాణా కొట్టు కాంటా మీద వాడిని కూర్చోబెట్టి తూచారు. 9.4 కిలోలు. ఏడాదిన్నర పిల్లాడికి అది తక్కువేనని అంగన్‌వాడీ టీచర్ అంది. అత్తమ్మ మాత్రం కొట్టువాడితో "పది కిలోలు కట్టు, మధ్యల పెరుగుతడు" అంది.

ఇప్పుడు వాడికి మూడేళ్లు దాటాయి. రోజుకు రెండు మూడుసార్లు పోతాడు, అప్పుడప్పుడు పరుగున వస్తూ దారిలోనే అయిపోతుంది. అది ఇంకొన్నేళ్లు పట్టొచ్చని చెప్పారు. ఇంకో పిల్ల పుడితే వస్తుందా అని అడిగితే మొత్తం మీద నూటికి నలుగురి దాకా తోబుట్టువులకు రావచ్చన్నారు. మేం ఆ లెక్కలోకి పోలేదు, ఇద్దరితో ఆపేశాం.

పోయిన నెల వార్డు సిస్టర్ నా నంబరు ఇచ్చిందంటూ భూపాలపల్లి వైపు నుంచి ఒకామె ఫోన్ చేసింది. ఆడపిల్ల, పంతొమ్మిది రోజులు, నిన్ననే దారి పెట్టారు, సంచి నిలవడం లేదు. ఏడుస్తోంది. పాత లుంగీ ఉందా అక్కా అని అడిగాను. ఉందంది. కట్లు నేను కుట్టి బస్సులో వేస్తాను, ముందు బొడ్డు మీదుగా టేపు పెట్టి చుట్టుకొలత చెప్పమన్నాను. టేపు లేదట. దారంతో కొలిచి, ఆ దారాన్ని జానలతో చెబుతానంది. వద్దు, దారం కత్తిరించి ఫొటో తీసి పంపు, పక్కన ఒక రూపాయి బిళ్ల పెట్టు అన్నాను. సాయంత్రానికి ఫొటో వచ్చింది. బిళ్లతో లెక్కేస్తే పద్నాలుగు అంగుళాలు. నాడాకు చెరి ఆరు కలుపుకుని ఆరు కట్లు కత్తిరించాను.